ఒంటెను కట్టిన తరువాతే తవక్కుల్: వరద, చెత్త, మన మహల్లా

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు రాజు కలకు అర్థం చెప్పి ఊరుకోలేదు. ఏడేళ్లు పండించండి, తిండికి కావలసినంత తీసుకుని మిగతా ధాన్యాన్ని వెన్నులతోనే నిల్వ చేయండి అని ఉపాయం కూడా చెప్పారు. యూసుఫ్ సూరాను మనం ఓర్పుకూ క్షమకూ పాఠంగా బోధిస్తాం. ఆ ధాన్యపు కొట్టు సంగతి మాత్రం తొందరగా దాటేస్తాం. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక వ్యక్తికి చెప్పిన హదీసు తిర్మిజీలో ఉంది. మన వీధుల్లో ఆ ఒంటె ఏది? దాన్ని కట్టే తాడు ఏది?

విజయవాడ వరదనే తీసుకుందాం. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు బుడమేరు పొంగింది. సహజంగా కొల్లేరుకు పోయే ఏరు అది. వరద వస్తే వెలగలేరు దగ్గర నుంచి డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలోకి మళ్లిస్తారు. కానీ ఆ రెండు రోజుల్లో కృష్ణే నిండి పారుతోంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, అది రికార్డు. నది నిండుగా ఉంటే కాలువ నీరు అందులోకి దిగదు, వెనక్కి తంతుంది. ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ మునిగాయి. సైన్యం సాయంతో గండ్లన్నీ పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది.

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం అదనంగా నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అందుకే నెలంతా పడాల్సిన వాన రెండు రోజుల్లో కుమ్మరించే ప్రమాదం పెరుగుతోంది. ఇది ప్రపంచమంతా కలిసి చేసిన పని. ఏరు ఇరుకైపోవడం, మురుగు కాలువలు పూడుకుపోవడం మాత్రం ఇక్కడి పని. భూమ్మీద, సముద్రంలో చెలరేగిన చెడుగు మనుషుల చేతుల సంపాదనేనని రూమ్ సూరా చెబుతున్నప్పుడు, ఈ రెండో భాగం మనం తప్పించుకోలేనిది.

నీళ్లు వచ్చినప్పుడు మొదట దెబ్బ తినేది కింది అంతస్తులో అద్దెకున్న కుటుంబం. ఆ ఇంట్లో మంచం దిగలేని ముసలమ్మ ఉండవచ్చు, నెలలు నిండిన కోడలు ఉండవచ్చు, ఇన్సులిన్ మీద బతికే మనిషి ఉండవచ్చు. పడవ ఇరుకు సందులోకి రాదు. వచ్చినా ఎవరింటికి ముందు పోవాలో తెలియదు. కనుక మహల్లా కమిటీ చేయాల్సిన మొదటి పని వీధివారీగా ఒక చిట్టా. ఎవరిని మోసుకుపోవాలి, పక్కన మేడ ఉన్నవారెవరు, వారు తలుపు తీస్తామని ముందే మాట ఇచ్చారా అన్నది అందులో ఉండాలి. ఆ ఇల్లు ముస్లిందా, హిందువుదా, క్రైస్తవుడిదా అన్న గడి అక్కర్లేదు.

మసీదు మైకు ఊరందరికీ వినిపిస్తుంది. అయితే వరదలో కరెంటు ముందే పోతుంది. బ్యాటరీ నేలమీద ఉంటే మైకూ మూగబోతుంది, దాన్ని పై అంతస్తులో పెట్టాలి. మేడమీది గది తాళం ఒక్క ముతవల్లీ జేబులోనే ఉండకూడదు. ఆడవారికి మరుగుదొడ్డి లేని మసీదును ఆశ్రయకేంద్రం అనుకోవడం ఆత్మవంచన. ఇంటింటా ఆధార్, రేషన్ కార్డు, పట్టా, మందుల చీటీ ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎత్తున పెట్టుకోవాలి. ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్‌ను నీరు తగలకుండా మూతబెట్టి, తడిపిన మట్టికుండలో చల్లగా ఉంచుకోవచ్చు. 112, 108, 1070 నంబర్లు ఫోనులో కాదు, గోడమీద రాయండి. ఫోను చార్జింగ్ అయిపోతుంది కదా!

ఇక చెత్త. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం దానమని హదీసు. ఆ వస్తువును మనమే వేస్తే దాన్నేమనాలి? బక్రీద్ రోజు పేగులూ పొట్టపేడా కాలువలో పడేస్తే, అవి పాలిథీన్ సంచులతో కలిసి కల్వర్టు దగ్గర అడ్డంపడతాయి. బక్రీద్ కొన్నేళ్లుగా వానకాలం మొదలయ్యే రోజుల్లోనే వచ్చింది. పొట్టపేడ మంచి ఎరువు, గుంట తీసి మట్టి కప్పితే చాలు. మిగిలినదానికి వీధికో మూత ఉన్న డ్రమ్ము పెట్టి, మునిసిపాలిటీ బండిని ఏ గంటకు పంపాలో పండుగకు వారం ముందే రాతపూర్వకంగా అడగాలి. ధర పడిపోయిందని తోళ్లను పారేస్తున్నారు. వెంటనే ఉప్పు పట్టించి ఒకచోట చేరిస్తే కొనేవాడు దొరికే అవకాశం ఉంటుంది, కుళ్లిన తోలుకు ఎవడూ రాడు.

ఇఫ్తార్ విందుల్లో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు వాడుతున్నాం. దేశంలో వాటిపై 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది. స్టీలు పళ్లాలు కొనుక్కుంటే ఏటా పనికొస్తాయి. పళ్లెంలో వదిలేసిన బిర్యానీ డంపింగ్ యార్డులో గాలి తగలక కుళ్లి మీథేన్ అవుతుంది. వందేళ్ల లెక్కన చూసినా అది కార్బన్ డయాక్సైడు కంటే పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరులోపే, వుజూ చేసేవారు. మన హౌజుల దగ్గర కొళాయి ఎంతసేపు తెరిచి ఉంటుందో ఒకసారి నిలబడి చూడండి.

డబ్బు సంగతి చెప్పాలి. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. పళ్లాలు, డ్రమ్ములు, బ్యాటరీలు దాని నుంచి కొనకండి, వాటికి సదఖా, చందా ఉన్నాయి. ఆటో ఇంజనులో బురద చేరి అప్పులపాలైన డ్రైవరుకూ, కుట్టుమిషను తుప్పుపట్టిన బీదరాలికీ జకాత్ తగిన విధంగా ఇవ్వడం గురించి ఆలిములను ఇప్పుడే అడిగి ఉంచుకోవాలి. వరద తగ్గాక అన్నం పొట్లాలు నలుగురూ తెస్తారు. పనిముట్టు తెచ్చేవారు తక్కువ.

అద్దె ఇళ్లలో మనుషులు మారిపోతుంటారు. అందుకని చిట్టాను ఏటా మే నెలాఖరుకల్లా, ఒక జుమా తరువాత యువకులు జంటలుగా వెళ్లి తిరగరాయాలి. ఆడవారున్న ఇళ్లకు ఆడపిల్లలనే పంపండి, లోపల ఎవరు జబ్బుగా ఉన్నారో వారికే తెలుస్తుంది.