లయ తప్పిన హృదయం

ఉద్దేశం: అనువంశిక వ్యాధుల పట్ల విద్యార్థులలో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం.

మానవ హృదయం విశ్రాంతి సమయంలో నిమిషానికి సుమారు 60 నుంచి 100 సార్లు స్పందిస్తుంది. ప్రతి స్పందనకూ మూలం ఒక విద్యుత్ ప్రేరణ. ఆ ప్రేరణ ముగిసిన పిదప, తిరిగి సిద్ధం కావడానికి గుండె కణాలకు లిప్తపాటు వ్యవధి కావాలి. ఆ వ్యవధి మితిమీరితే లయ చెదిరి ప్రాణాపాయం సంభవించవచ్చు. ఇ.సి.జి.లో క్యూ, టి తరంగాల నడుమ ఈ వ్యవధి దీర్ఘంగా కనిపిస్తుంది కనుక, ఈ లోపానికి 'లాంగ్ క్యూటీ సిండ్రోమ్' అని పేరు వచ్చింది.

1957లో నార్వే వైద్యులు జెర్వెల్, లాంగె నీల్సన్ ఒక కుటుంబ వృత్తాంతాన్ని ప్రకటించారు. తల్లిదండ్రులు ఆరోగ్యవంతులే. వారి ఆరుగురు సంతానంలో నలుగురు పుట్టుకతోనే బధిరులు. ఆ నలుగురూ తరచు స్పృహ తప్పేవారు. వారిలో ముగ్గురు నాలుగు, ఐదు, తొమ్మిదేళ్ల ప్రాయంలో హఠాత్తుగా మరణించారు. చెవికీ గుండెకూ ఏమిటి సంబంధం? ఈ ప్రశ్నకు సమాధానం లభించడానికి నలభై ఏళ్లు పట్టింది.

గుండె కణం నుంచి పొటాషియం అయాన్లు వెలుపలికి పోయినప్పుడే అది మరుసటి స్పందనకు సిద్ధమవుతుంది. అందుకు కణత్వచంలో ప్రోటీన్లతో నిర్మితమైన సూక్ష్మ ద్వారాలున్నాయి. అటువంటి ఒక ద్వారాన్ని నిర్మించే కె.సి.ఎన్.క్యు.1 అనే జన్యువును 1996లో కనుగొన్నారు. లోపలి చెవిలోని ద్రవానికి పొటాషియంను అందించేది కూడా ఆ ద్వారమే. అది పూర్తిగా మూతపడితే ఇటు వినికిడి నశిస్తుంది, అటు గుండె లయ తప్పుతుంది. నార్వే వైద్యులు వర్ణించిన వ్యాధికి ఈ జన్యులోపమే ప్రధాన కారణమని 1997లో రుజువైంది.

ప్రతి వ్యక్తికీ ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి సంక్రమిస్తుంది. రెండూ లోపభూయిష్టమైనప్పుడే బధిరత్వంతో కూడిన ఈ అరుదైన వ్యాధి కలుగుతుంది. తల్లిదండ్రులిద్దరిలో ఒక్కొక్క లోపజన్యువు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు నాలుగింట ఒక వంతు ప్రమాదముంటుంది. రక్తసంబంధీకులు ఒకే పూర్వికుని నుంచి ఒకే లోపాన్ని పొందే అవకాశం హెచ్చు. మేనరికాలు ఆచారంగా ఉన్న తెలుగునాట ఇది గమనింపదగిన సత్యం. బధిరత్వం లేని లాంగ్ క్యూటీకి మాత్రం సాధారణంగా ఒక్క లోపజన్యువే చాలు.

పరుగెత్తేటప్పుడో, ఈదేటప్పుడో, ఉలిక్కిపడినప్పుడో రోగి స్పృహ తప్పవచ్చు. దీనిని మూర్ఛరోగమని పొరపాటు పడటం కద్దు. పుట్టుకతో వినికిడి లేని బిడ్డ ఇలా పడిపోతే తప్పక ఇ.సి.జి. తీయించాలి. తోబుట్టువులను కూడా పరీక్షింపజేయాలి. బీటా బ్లాకర్ మందులు, అవసరమైతే శరీరంలో అమర్చే డీఫిబ్రిలేటర్ ప్రాణరక్షణకు తోడ్పడతాయి. గుండె లయను చెరిచే కొన్ని ఔషధాలకు రోగి దూరంగా ఉండాలి.

కారణం తెలియనంతకాలం ఇటువంటి మరణాలను విధిలిఖితమని భావించారు. కారణం తెలిసిన నేడు, సకాలంలో తీసిన ఒక్క ఇ.సి.జి. ఒక బిడ్డను కాపాడగలదు.

ప్రశ్నలు
1. చెవికీ గుండెకూ గల సంబంధాన్ని వివరించండి.
2. మేనరిక వివాహాలలో ఈ వ్యాధి సంక్రమించే అవకాశం ఎందుకు హెచ్చు?