కాళ్ళు కడిగించడమూ మన పనే

చి.సౌ. శిరీషకు,

సబ్‌సెంటర్‌లో చేరిన వారానికే బోదకాలు ఉన్నవాళ్ళ జాబితా నీకిచ్చారనీ, మాత్రలు మింగించడం సరే, కాళ్ళు కడిగించడం దేనికనీ రాశావు.

కాల్లో ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటారు కదా, అక్కణ్ణించే మొదలుపెడతాను. రక్తనాళాల్లోంచి బయటికి ఊరిన నీరు కొంత లింఫు నాళాల్లోకి చేరి, మెడ మొదట్లోని పెద్ద సిరల దగ్గర మళ్ళీ రక్తంలో కలుస్తుంది. దారి పొడుగునా వందల బిళ్ళలుంటాయి. ముల్లుతో దిగిన క్రిమి గజ్జల్లో బిళ్ళ దాకా వచ్చిందంటే అక్కడి తెల్లకణాలు దాన్ని పట్టేస్తాయి. దాన్ని గుర్తుపట్టిన కణాలు అక్కడే వేలకొద్దీ పెరుగుతాయి. బిళ్ళ ఉబ్బి సలిపేది అందుకే. దాన్ని నలపనివ్వకు, పుండు సంగతి చూడు.

లింఫు నాళాల్లో పారే ఈ రసాన్ని తోయడానికి గుండె లాంటిదేదీ లేదు. నాళాలు ముడుచుకోవడం, పిక్క కండలు కదలడం, ఊపిరి, వెనక్కి పోనివ్వని కవాటాలు, అంతే. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు వచ్చి చేరేది సరిగ్గా ఆ నాళాల్లోనే. ఏళ్ళ తరబడి ఉండి వాటిని పాడుచేస్తుంది. మురుగు కాలువ పూడిన చేలో నీళ్ళు నిలిచినట్టు రసం కాల్లోనే నిలుస్తుంది. అలాంటి కాలికి క్రిములతో పోరాడే శక్తి తగ్గిపోతుంది. వేళ్ళ సందుల్లో చిన్న ఒరుపు చాలు, చలిజ్వరం వచ్చి కాలు ఎర్రగా కమిలిపోతుంది. అలా వచ్చినప్పుడల్లా వాపు ఇంకాస్త ముదురుతుంది.

నువ్వు మింగించే డి.ఇ.సి. మందును 1947లో లోకానికి అందించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే. రక్తంలోని పిల్ల పురుగుల్ని అది చంపుతుంది, దోమ ద్వారా ఇంకొకరికి అంటకుండా ఆపుతుంది. చెడిన నాళాన్ని మాత్రం బాగుచెయ్యలేదు. అందుకే కడగడం.

రోజూ సబ్బుతో, మామూలు నీళ్ళతో, వేళ్ళు విడదీసి మెల్లగా కడగాలి. మెత్తటి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. సందుల్లో తడి మిగలకూడదు. కూర్చున్నప్పుడు కాలు ఎత్తున పెట్టి చీలమండ తిప్పమను. జ్వరం వచ్చిన రోజు వ్యాయామం వద్దు, వేడి కాపడం అసలే వద్దు, చన్నీటి గుడ్డ వేసి డాక్టరు దగ్గరికి పంపించు.

చాలామంది సిగ్గుతో కాలు చీరకింద దాచేస్తారు. మొదటిసారి నువ్వే పక్కన కూర్చుని కడిగి చూపించమ్మా. టబ్బు, మగ్గు, తువ్వాలు, సబ్బు, ఆయింట్‌మెంటు ఉన్న కిట్టు ఎవరెవరికి అందలేదో రాసుకుని ఈ వారమే మెడికల్ ఆఫీసరుగారికి ఇవ్వు.

మీ పెద్దమ్మ