పెద్ద పోర్టుకు చిన్న వేగం చాలునా?
(సంఘం లెక్కల నకలు గురించి సభ్యులకు ఒక పాఠం)

పూటపూటకూ మనం పోసే పాలు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర ఇప్పుడు కంప్యూటరులో నమోదవుతున్నాయి. అది చెడితే పక్షం బిల్లు ఆగుతుంది. అందుకే పెద్ద సంఘాలలో, బల్క్ కూలింగ్ కేంద్రాలలో లెక్కలకు ఇంకొక నకలు దాచే పెట్టెను పెడతారు. దానినే బ్యాకప్ స్టోరేజి అంటారు.

పాత నల్లగొండ జిల్లాలో ఒక సంఘానికి నేను తనిఖీకి పోయినప్పుడు కార్యవర్గం ముందు ఒక తీర్మానం ఉన్నది. కొత్త బ్యాకప్ పెట్టెకు 10,000 మెగాబిట్ల పోర్టు. సంఘంలోని నెట్‌వర్క్ స్విచ్చి 1,000 మెగాబిట్లదే. "స్విచ్చి కూడా మార్చకుంటే పెట్టె పని చేయదంట సార్" అన్నారు అధ్యక్షులు. ఖర్చు సభ్యులది కాబట్టి ఈ సంగతి సభ్యులు తెలుసుకోవాలి.

1. గొట్టం ఉదాహరణ

టాంకరు గొట్టం మూడంగుళాలు, మన గొట్టం అంగుళమున్నర అనుకోండి. మధ్యన సరైన జోడింపు ఉంటే పాలు చిన్న గొట్టం వేగంతో పోతాయి. చుక్క కూడా కారదు. పోర్టు సంగతీ అంతే. పెద్ద పోర్టు చిన్న వేగంతో నడవడం లోపం కాదు, జోడింపు కుదరాలి.

2. రాగి తీగ పోర్టు

రాగి తీగపై 1,000 మెగాబిట్ల ప్రమాణం 1999లో, 10,000 మెగాబిట్లది 2006లో వచ్చాయి. తీగ పెట్టగానే రెండు కొసలూ తమకు తెలిసిన వేగాలు చెప్పుకొని, ఇద్దరికీ కుదిరే అన్నిటికన్నా పెద్ద వేగం ఎంచుకుంటాయి. దీనినే 'ఆటో' అంటారు. 10,000 పోర్టులు చాలావరకు ఈ విధంగా 1,000కి దిగుతాయి. ఒక కొసన ఆటో ఉంచి, రెండవ కొసన వేగం బిగించరాదు. అలా చేస్తే లింకు రాకపోవచ్చు, వచ్చినా నకలు నత్తనడక నడవవచ్చు.

3. మాడ్యూలు పెట్టే పోర్టు

కొన్ని పెట్టెలకు ఫైబరు మాడ్యూలు పెట్టే గూడు ఉంటుంది. ఇక్కడ 10,000 మాడ్యూలు తనంత తాను 1,000కి దిగుతుందని నమ్మరాదు. 1,000 మాడ్యూలు వేరుగా పెట్టాలి. ఆ గూడు దానిని ఒప్పుకుంటుందో లేదో తయారీదారు పుస్తకంలో చూడాలి. రెండు కొసలలో ఒకే వేగం, ఒకే రకం మాడ్యూలు ఉండాలి. 25,000 పోర్టులు చాలావరకు 10,000కి దిగుతాయి గాని, 1,000కి అన్నీ దిగవు. కొన్ని పరికరాలలో నాలుగు పోర్టుల వేగం కలిపే మార్చవలసి ఉంటుంది. కొనకముందే అడగాలి.

4. లెక్క వేద్దాం

నకలు 100 గిగాబైట్లు అనుకుందాం. 1,000 మెగాబిట్ల మీద సెకనుకు సుమారు 110 మెగాబైట్లు పోతాయి. పని పావుగంటలో ముగుస్తుంది. 10,000 ఉంటే? పెట్టెలోని మామూలు హార్డ్ డిస్కు సెకనుకు 180 మెగాబైట్లే రాసుకుంటే తొమ్మిది నిమిషాలు పడుతుంది. కలిసివచ్చేది ఆరు నిమిషాలు! రాత్రి పూట జరిగే పనికి ఆ ఆరు నిమిషాల కోసం కొత్త స్విచ్చి కొనాలా?

అదే 100 మెగాబిట్లకు పడిపోతే రెండున్నర గంటలు. ఆ సంఘంలో నేను చూసినది ఇదే. పోర్టు వేగం 100 అని చూపుతున్నది. తీగలో ఎనిమిది పోగులుంటాయి. 1,000కి ఎనిమిదీ కావాలి, 100కి నాలుగు చాలు. ఒక పోగు ఎలుక కొరికింది. తీగ మార్చగానే 1,000 వచ్చింది. తీర్మానం వాయిదా పడింది.

5. అసలు ప్రమాదం

వేగం తక్కువైతే నష్టం నిమిషాలే. నకలు అసలు పోకుంటే నష్టం మన రాబడి. మరొక కేంద్రంలో ఎవరో పోర్టు వేగం మార్చగా లింకు తెగింది. పదకొండు రోజులు ఎవరూ చూడలేదు. అంతలో కంప్యూటరు డిస్కు పోయింది. సభ్యులు దాచుకున్న చీటీలను బట్టి బిల్లు తిరిగి కట్టవలసి వచ్చింది. చీటీ పారేసిన వారికి తగవే మిగిలింది.

సర్వసభ్య సమావేశంలో అడగవలసినవి

– మన పోర్టు ఇప్పుడు ఏ వేగంతో నడుస్తున్నది?
– నిన్న రాత్రి నకలు పూర్తయిందా? ఎవరు చూశారు?
– నకలు నుండి ఒక రోజు లెక్కను తిరిగి తీసి, చీటీలతో సరిచూశారా?
– కొత్త పరికరం కొంటే కలిసివచ్చే సమయం ఎంత?

ఈ నాలుగింటికీ జవాబు వచ్చిన తరువాతనే ఖర్చుకు చేయి ఎత్తండి. అంతవరకు మీ చీటీ మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి.