మాంద్యం ముందు పునాది దగ్గరికే వస్తుంది

పొద్దున ఏడింటికి రామంతాపూర్ నుంచి ఉప్పల్ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన అడ్డా కనిపిస్తుంది. సంచిలో తాపీ, రసమట్టం, గుండు పెట్టుకున్న మేస్త్రీలు ఒకవైపు. టిఫిన్ డబ్బా తప్ప చేతిలో ఏమీ లేని కూలీలు మరోవైపు. పనులు బాగా నడిచే రోజుల్లో ఎనిమిదికల్లా ఆ జాగా ఖాళీ అయిపోతుంది. బేరం సాగదు, మేస్త్రీ చెప్పిన రేటే రేటు. పనులు తగ్గినప్పుడు పదింటికీ మనుషులు అక్కడే ఉంటారు. ఇంకా తగ్గితే తాపీ సంచి పక్కన పెట్టి, "కూలి పనైనా సరే, వస్త సార్" అంటూ మేస్త్రీయే ముందుకొస్తాడు. ఇరవై ఏళ్లు చెయ్యి తిరిగిన మనిషి ఇటుకలు మోసే రేటుకు దిగాడంటే, నిర్మాణ రంగంలో ఏం జరుగుతోందో పేపర్ల కంటే ముందే మనకు తెలిసిపోయినట్టు.

సివిల్ డిప్లొమా, బీటెక్ చదివేవాళ్లు, ఐటీఐ చేసి ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఒక్కసారైనా ఆ అడ్డా దగ్గర గంటసేపు నిలబడాలని నాకుంది. రామంతాపూర్‌లోనే జవహర్‌లాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. అక్కడి నుంచి అడ్డాకు ఎంతో దూరం లేదు. "సివిల్ తీసుకోవచ్చా సార్? మార్కెట్ ఎలా ఉంది?" అని అడిగే పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఒకటే. మార్కెట్ అంతా ఒక్కసారే పడదు, ఒక్కసారే లేవదు. ఆ పడటానికి ఒక వరుస ఉంది. మీ పని ఆ వరుసలో ఎక్కడుందో తెలుసుకోవడం సగం కెరీర్ ప్లానింగ్.

ఐదంతస్తుల అపార్ట్‌మెంటునే తీసుకోండి. ఆర్థిక మందగమనం మొదలవగానే ఆగేది బుకింగులు. బ్యాంకు లోను దొరకక, ఉద్యోగం మీద భరోసా లేక కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. దాంతో బిల్డరు కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడు. అప్పుడు మొదట ఖాళీ అయ్యేది ఆర్కిటెక్టు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ టేబులు, సాయిల్ టెస్ట్ చేసే ల్యాబు. తర్వాత జేసీబీలు, టిప్పర్లు. పునాది తవ్వకం లేకపోతే రాడ్ బెండింగు, సెంట్రింగు, రెడీమిక్స్ ప్లాంటు వరుసగా నెమ్మదిస్తాయి. విచిత్రం ఏమిటంటే, అదే సమయంలో టైల్స్ వేసేవాళ్లు, పెయింటర్లు, ప్లంబర్లు, లిఫ్టు బిగించేవాళ్లు తీరిక లేకుండా ఉంటారు. అంతకుముందు మంచి రోజుల్లో లేచిన స్లాబులు ఇప్పుడు ఫినిషింగుకు వచ్చాయి కాబట్టి. వాళ్లకు దెబ్బ ఏడాది, ఏడాదిన్నర ఆలస్యంగా తగులుతుంది. అప్పటికి పేపర్లలో "మార్కెట్ కోలుకుంటోంది" అని రాస్తుంటారు. పునాదులు మళ్లీ తవ్వుతూ ఉంటారు. పెయింటరు ఇంట్లో మాత్రం అప్పుడే కష్టకాలం మొదలవుతుంది.

ఈ తేడా తెలియక తప్పుడు సమయంలో పని మార్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. సైటు ఇంజనీరుగా ఉద్యోగం పోగానే ఇంటీరియర్ల షాపు తెరిచి, ఏడాది తిరక్కుండా మూసినవాళ్లు అందులో ఉన్నారు. తెరిచిన రోజు ఇంటీరియర్ల పని జోరుగానే ఉంది. దాని వంతు రావడానికి ఇంకా కొన్ని నెలల గడువుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

డబ్బు ఆగితే పని ఎలా ఆగుతుందో చూపే, మన కళ్లముందే ఉన్న పెద్ద ఉదాహరణ ఉప్పల్ మీదుగా వెళ్లే మెట్రో. 2008లో ఆ ప్రాజెక్టు మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియానికి దక్కింది. ఆ ఏడాది సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. ప్రపంచమంతా అప్పు పుట్టడం కష్టమైంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. మేటాస్‌ది సత్యం అధినేత కుటుంబమే కావడంతో మెట్రోకు నిధులు సమకూరలేదు. జులైలో ఒప్పందం రద్దయింది. మళ్లీ టెండర్లు పిలిచి, 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీతో ఒప్పందం కుదిరి, నాగోల్ వైపు పనులు 2012లో ఊపందుకున్నాయి. ప్రధానమంత్రి రైలును ప్రారంభించింది 2017 నవంబరు 28న. 2009లో డిప్లొమా చేతపట్టుకుని "మెట్రో వస్తోంది, సివిల్‌కు తిరుగులేదు" అనుకున్న కుర్రాడికి ఆ మూడేళ్లు ఎలా గడిచి ఉంటాయో ఆలోచించండి.

అయితే ఆ మూడేళ్లూ హైదరాబాద్‌లో పని అసలే లేదనుకుంటే పొరపాటు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ముక్కలు ముక్కలుగా పూర్తవుతోంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే సరిగ్గా ఆ గడ్డుకాలంలో, 2009 అక్టోబరులో తెరుచుకుంది. జలయజ్ఞం కింద సాగునీటి కాలువల పనులు జిల్లాల్లో నడుస్తున్నాయి. అపార్ట్‌మెంట్ల నుంచి రోడ్లకు, కాలువలకు మారినవాళ్లకు జీతం ఆగలేదు. ప్రైవేటు డబ్బు బెదిరి వెనక్కి పోయినప్పుడు సర్కారు డబ్బే నిర్మాణాన్ని నిలబెడుతుంది. అందుకే చదువు రోజుల్లోనే ఒక రోడ్డు పని, ఒక డ్రైనేజీ పని, ఒక వాటర్ లైన్ పని దగ్గరుండి చూసి రమ్మంటాను. భవనాలు తప్ప మరొకటి తెలియని సివిల్ ఇంజనీరు మందగమనంలో ఒంటికాలి మీద నిలబడ్డట్టే.

సర్కారు పనినీ గుడ్డిగా నమ్మకండి. బిల్లులు రాకపోయినా, సర్కారు నిర్ణయం మారినా అదీ ఆగుతుంది. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ ఏళ్ల తరబడి మొండి పిల్లర్లతో నిలబడటం ఈ ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. అమరావతిలో 2019లో ఆగిన పనులు ఊపందుకోవడానికి 2025 మే నెలలో ప్రధాని చేతుల మీదుగా పునఃప్రారంభం దాకా ఆగాల్సి వచ్చింది. అదే 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరక్క తాపీ మేస్త్రీలు నెలల తరబడి ఖాళీగా కూర్చున్నారు. అప్పుడు దేశంలో సిమెంటుకు కొదవ లేదు, ఇనుముకు కొదవ లేదు. ఒక్క ఇసుక ఆగితే అన్నీ ఆగాయి.

2020 దెబ్బ వేరు. లాక్‌డౌన్ పడిన ఆ ఏడాది ఏప్రిల్–జూన్ మూడు నెలల్లో దేశ నిర్మాణ రంగ ఉత్పత్తి 50.3 శాతం పడిపోయిందని కేంద్రం మొదటి అంచనా. వ్యవసాయం మాత్రం 3.4 శాతం పెరిగింది. మే 1న వలస కార్మికుల కోసం వేసిన దేశంలోని తొలి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. ఆ తర్వాత సైట్లు తెరిచారు, పని ఉంది, మనుషులు లేరు. పాలమూరు లేబరు అంటే దేశమంతా ఎరిగిన మన రాష్ట్రంలోనే రాడ్ బెండర్ల కోసం కాంట్రాక్టర్లు వెతుక్కున్నారు. మందగమనం పనినే కాదు, పనితనాన్ని కూడా ఊళ్లకు వెళ్లగొడుతుంది. ఆ సమయంలో చెయ్యి విడవకుండా నిలబడినవాడికి తర్వాత గిరాకీ వస్తుంది.

ఇక అనుబంధ పరిశ్రమలు. నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో ఫ్యాబ్రికేషన్ షెడ్లు, ప్లాస్టిక్, ఎలక్ట్రికల్ యూనిట్లు ఉన్నాయి. మెకానికల్, ఎలక్ట్రికల్ చదివిన పిల్లలు "నిర్మాణ రంగంతో మాకేం పని" అనుకుంటారు. గ్రిల్లు, షట్టరు, ప్యానెల్ బోర్డు, పీవీసీ పైపు, కేబులు చివరికి పోయేది భవనంలోకే. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: మీ సరుకు కొత్త ఇళ్లకు పోతుందా, పాత వాటి రిపేర్లకా, ఫ్యాక్టరీలకా? మూడు చోట్లకూ పోయే యూనిట్ నిలదొక్కుకుంటుంది. ఒకే బిల్డరుకు సరఫరా చేసే యూనిట్ ఆ బిల్డరుతో పాటే మునుగుతుంది.

టెక్లా, రెవిట్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకుని హైదరాబాద్‌లో కూర్చునే అమెరికా భవనాలకు డ్రాయింగులు గీసే ఉద్యోగాలూ ఉన్నాయి. మంచివే. కానీ అక్కడి వాన ఇక్కడ కురుస్తుందని గుర్తుంచుకోండి. 2007 తర్వాత అమెరికా నిర్మాణ రంగంలో 20 లక్షలకు పైగా ఉద్యోగాలు పోయాయి. 2009 నవంబరులో దుబాయ్ వరల్డ్ అప్పు తీర్చడానికి గడువు అడిగినప్పుడు ఆ బెంగ కరీంనగర్, నిజామాబాద్ ఊళ్లలోని గల్ఫ్ కుటుంబాల దాకా వచ్చింది.

మరి చేతిలో ఏముండాలి? సైటులో మనుషుల్ని తగ్గించే రోజు వస్తే కాంట్రాక్టరు ఎవర్ని ఉంచుకుంటాడో నేను గమనించాను. బిల్లు చేసేవాణ్ని. పని చేయించేవాడు తర్వాతైనా దొరుకుతాడు. చేసిన పనికి డబ్బు తెచ్చిపెట్టేవాణ్ని మాత్రం వదులుకోడు. మెజర్‌మెంట్ బుక్ రాయడం, బార్ బెండింగ్ షెడ్యూలు వేయడం, రన్నింగ్ బిల్లు తయారు చేయడం నేర్చుకోండి. కష్టమైన చదువేం కాదు, ఓపిక కావాలి. చువ్వ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం చువ్వ 0.889 కిలో. పన్నెండు మీటర్ల చువ్వ పదిన్నర కిలోలకు కొంచెం పైన. లారీ దిగిన ఇనుము ఈ లెక్కకు సరిపోయిందో లేదో అక్కడికక్కడే చెప్పగలిగితే మేనేజరు మీ వైపు చూస్తాడు.

ఇంకొకటి చూడండి. గోడకు రెండు వైపులా ఒకే రకం ప్లాస్టరింగు చేస్తున్నారు. అందులో 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపు ఉంది. తలుపు జాగాను రెండు వైపులా తీసేయాలా? భారతీయ ప్రమాణం 1200 ప్రకారం అర చదరపు మీటరు దాటి మూడు లోపు ఉన్న ఖాళీకి ఒక వైపే తీసేస్తారు. పక్కల మందానికి వేరే కొలత కలపరు. తలుపు దాదాపు రెండు చదరపు మీటర్లు కాబట్టి ఒక వైపే. ఈ నియమం తెలియనివాడు రెండు వైపులా తీసేసి కాంట్రాక్టరుకు నష్టం తెస్తాడు, లేదా అసలు తీయకుండా క్లయింటుతో గొడవ తెస్తాడు. వంద తలుపుల భవనంలో ఆ తేడా ఒకరి జీతమంత ఉంటుంది.

సర్వే కూడా ఆగని పని. భూమి కొనేవాళ్లు తగ్గినా హద్దుల తగాదాలు తగ్గవు. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉప్పల్‌లోనే ఉంది. 2025లో భూభారతి చట్టం అమల్లోకి వచ్చాక తెలంగాణ ప్రభుత్వం వేల మందిని లైసెన్స్‌డ్ సర్వేయర్లుగా తీర్చిదిద్దింది. మాదాపూర్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌ 1998 నుంచి మేస్త్రీ పని దగ్గర్నుంచి సర్వే దాకా శిక్షణ ఇస్తోంది. ఉద్యోగం పోయిన మూడు నెలలు ఇంట్లో కూర్చుని రెజ్యూమేలు పంపడం కంటే అక్కడ ఏ కోర్సు నడుస్తోందో వెళ్లి కనుక్కోవడం మేలు. రిపేర్లు, వాటర్‌ప్రూఫింగు, పాత భవనాల బలం పరీక్షించడం కూడా మాంద్యంలో ఆగని పనులే. కొత్త ఇల్లు కొనలేనివాడు ఉన్న ఇంటి స్లాబు కారకుండా చూసుకుంటాడు.

ఇప్పుడు అడ్మిషన్ల దగ్గర నిలబడ్డ పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఈరోజు మార్కెట్ చూసి బ్రాంచి ఎంచుకుంటే మీ అబ్బాయో అమ్మాయో బయటికొచ్చేది మూడు నాలుగేళ్ల తర్వాతి మార్కెట్లోకి. అందరూ సివిల్ వద్దన్న ఏడాదిలో చేరినవాళ్లు పోటీ తక్కువగా ఉన్న బ్యాచ్‌తో బయటికొస్తారు. 2022లో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ 1540 అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఏఈఈ) పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు వాటికి అర్హులు ఇంజనీరింగు చదివినవాళ్లే. అలాంటి నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి దాన్ని నమ్ముకుని ఖాళీగా ఉండొద్దు. సైటులో పని చేస్తూనే చదవండి.

ఐటీఐ పిల్లలు, సైటులో చేతి పని చేసే ప్రతి ఒక్కరూ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు తీసుకోండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గత పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసి ఉంటే చాలు. బిల్డర్ల దగ్గర వసూలు చేసే సెస్సు మీ సంక్షేమం కోసం పోగయ్యే డబ్బే. ప్రమాదం జరిగాక దరఖాస్తు రాయించడానికి పరుగులు పెట్టే కుటుంబాలను చూస్తే గుండె తరుక్కుపోతుంది. పని దొరికిన మొదటి ఏడాదే ఆ కాగితం చేసుకోండి.

చివరగా, ఆఫర్ లెటర్ చేతికొచ్చాక సంతకం పెట్టే ముందు ఒక పూట ఆ సైటుకు వెళ్లండి. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ (రెరా) వెబ్‌సైటులో ఆ ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబరు వెతకండి. బిల్డరు మూడు నెలలకోసారి పనెంతవరకు వచ్చిందో అందులో చెప్పాలి. ఆ చెప్పినదీ, మీ కళ్ల ముందున్నదీ ఒకటేనా చూడండి. పనిచేస్తున్న ఇంజనీరును పక్కకు పిలిచి, పోయిన నెల జీతం ఏ తేదీన పడిందో, పీఎఫ్ జమ అవుతోందో లేదో అడగండి. స్టోరులో ఇనుము ఎంతుందో చూడండి. ఆఖరి స్లాబు ఎక్కి పిల్లర్ల మీద నిలబడి ఉన్న చువ్వలు చూడండి. నిగనిగలాడుతుంటే వారం పది రోజుల్లో పై అంతస్తు లేస్తుంది. లేత తుప్పు ఉంటే వానకు తడిసిందనుకోవచ్చు. తుప్పు పట్టకుండా ఆ చువ్వలకు సిమెంటు పాలు పూసి ఉంటే మాత్రం, ఈ పని చాలాకాలం ఆగుతుందని ఆ యజమాని ముందే నిర్ణయించుకున్నాడు. లెటరు మడిచి జేబులో పెట్టుకుని కిందికి దిగండి.