కట్టెల పొయ్యి: పొగ తగ్గితే కట్టె మిగులుతుంది

గ్యాసు బండ ఇంటికి వచ్చినా పెరట్లో పొయ్యి ఆరిపోలేదు. స్నానాలకు నీళ్లు, గేదెలకు కుడితి, పండక్కి అరిసెల పాకం, చుట్టాలొచ్చిన రోజు పెద్ద గుండిగెడు అన్నం ఇప్పటికీ కట్టెల మీదే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటిని ఒక్క మాట కలుపుతోంది, అది పొగ. కళ్లు మండించి గిన్నె నల్లబరిచే ఆ పొగ, కాలకుండా గాలిలో కలిసిపోతున్న కట్టె. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కింది జవాబుల్లో చాలా వాటికి కారణం తెలిసిపోతుంది.

మామిడి, సుబాబుల్ కొమ్మలు కొట్టించి నెల తిరక్కుండానే వాడుతున్నాం. ఎంత ఊదినా మంట రాదు, పొగే. పొయ్యి పడగొట్టి మళ్లీ వేయించాలా?
– ఒక గృహిణి, అవనిగడ్డ

పొయ్యి జోలికి వెళ్లకండమ్మా, ముందు కట్టె సంగతి చూడండి. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీరే. ఆ నీరు ఆవిరయ్యేదాకా కట్టె లోపల వేడి 100 డిగ్రీలు దాటదు. కట్టె నుంచి మండే వాయువులు జోరుగా రావాలంటే 200 నుంచి 300 డిగ్రీలు కావాలి. ఎండు కట్టెలో ముప్పాతిక వంతు ఇలా వాయువుగా మారి మండేదే. బొగ్గుగా మిగిలేది కొంచెమే. ఆ వాయువుకు తగినంత వేడి, గాలి రెండూ అందితే మంట అవుతుంది. ఏది తక్కువైనా పొగై కంట్లోకి వస్తుంది.

లెక్క చూడండి. కిలో పచ్చి కట్టెలో అర కిలో నీరుంటే, దాన్ని మరిగించి ఆవిరి చేయడానికే 300 కిలో కేలరీలకు పైగా పోతాయి. మిగిలిన అర కిలో కట్టె ఇచ్చేది సుమారు 2,200. అంటే ఏడో వంతు నీటికే ధారపోశారు. అంతకంటే పెద్ద నష్టం మంట చల్లబడటం. దానివల్ల సగం కాలిన వాయువు పొగగా వెళ్లిపోతుంది.

కట్టెను సంక్రాంతి వెళ్లగానే కొట్టించి, అప్పుడే చీల్పించండి. గుండ్రంగా వదిలేసిన దుంగలో తేమను బెరడు బయటికి పోనివ్వదు. మణికట్టు కంటే సన్నగా చీల్చినవి మన ఎండాకాలానికి ఆరిపోతాయి. లావువి ఏడాది ఆగాలి. నేలకు తగలకుండా రాళ్ల మీదో ఇటుకల మీదో పేర్చి, పైన మాత్రం రేకు వేయండి. టార్పాలిన్‌తో చుట్టూ కప్పేస్తే లోపల ఉక్కపోసి బూజు పడుతుంది. మోపును వంటింటి గోడకు ఆనించి పెట్టవద్దు. తేళ్లు, పాములు చేరేది అక్కడే. చీకట్లో చెయ్యి పెట్టి లాగొద్దు.

ఆరిందో లేదో తెలుసుకోవడం తేలికే. రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి. పచ్చిదైతే మొద్దుగా మోగుతుంది. ఎండినదానికి కోసిన చివర చీలికలు పడతాయి, బెరడు గోరుతో ఊడొస్తుంది. పొయ్యిలో పెట్టినప్పుడు బయటి చివర నురగ కక్కితే ఆ కట్టెను వెనక్కి తీసి ఎండలో పడేయండి.

ఎండు కట్టెతోనూ పొగ వస్తుంటే గాలి అందడం లేదని అర్థం. పొయ్యి నోరు నిండా కట్టెలు కుక్కవద్దు. పైన సగమైనా ఖాళీ ఉండాలి. రోజూ బూడిద తీయండి. నాలుగైదు ఇనుప చువ్వలు అడ్డంగా వేసి వాటి మీద కట్టె పెడితే కింది నుంచి గాలి లాగుతుంది. అప్పుడు ఊదుడు గొట్టంతో పని చాలా వరకు తప్పుతుంది.

పొగగొట్టం పెట్టించాం. అయినా పొగ ఇంట్లోకే తంతోంది.
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

మీ గొట్టం కప్పు దాటి ఎంత ఎత్తుకు వెళ్లిందో రాయలేదు. చూరు కింద ఆగినా, కప్పు శిఖరం కంటే తక్కువ ఉన్నా, గాలి వీచినప్పుడు పొగను లోపలికే నెడుతుంది. శిఖరం దాటి కనీసం రెండు మూడు అడుగులు పైకి పోనివ్వండి. వంపులు ఎన్ని తగ్గిస్తే అంత మంచిది. చివర వాన పడకుండా టోపీ పెట్టాలి, అది గొట్టం నోటిని మూయకూడదు. గిన్నె పెట్టే కంతకు, గిన్నెకు మధ్య సందుంటే పొగ గొట్టం దాకా పోకుండా అక్కడే బయటపడుతుంది. ఆ అంచును మట్టితో సరిచేయండి.

మసి మరో కారణం. రోజూ వాడే పొయ్యి గొట్టాన్ని నెలకోసారి దులపాలి. పొడుగాటి వెదురు గడకు గోనె గుడ్డ చుట్టి పైనుంచి తోస్తే చాలు, పొయ్యి చల్లారాకే చేయండి. పేరుకున్న మసి గాలికి అడ్డుపడటమే కాదు, దానికి నిప్పు కూడా అంటుకుంటుంది. తాటాకు, గడ్డి కప్పు ఇళ్లలో కాలే గొట్టాన్ని కప్పులోంచి నేరుగా తీయించకండి. గోడలోంచి బయటికి తెచ్చి, కప్పుకు దూరంగా పైకి లేపాలి. పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టం ఉంటే దాన్ని కోయడం, రుద్దడం వద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కొత్తగా వేస్తే జీఐ రేకు గొట్టమో, కాల్చిన మట్టి గొట్టమో వేయండి.

మీది తెలంగాణ కాబట్టి ఒక మాట చెప్పాలి. దేశంలో పొగలేని పొయ్యిల మీద తొలినాళ్లలో గట్టిగా పనిచేసిన చోట్లలో హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనశాల ఒకటి. 1950ల్లో అక్కడ ఎస్.పి. రాజు రూపొందించిన గొట్టం పొయ్యి, ఆ పరిశోధనశాల పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలతో ‘హెర్ల్ చూలా’గా పేరు పొందింది. ఒకే మంట మీద వరుసగా గిన్నెలు, చివర గొట్టం. 1980ల్లో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం పెట్టి లక్షల ఇళ్లలో వేయించింది, 2002లో ఆపేసింది. చాలా చోట్ల ఆ పొయ్యిలు మూలపడ్డాయి. గొట్టం దులిపేవారు లేక, పగిలిన మట్టి మెత్తేవారు లేక అలా జరిగింది. కాబట్టి గొట్టం పెట్టించిన రోజే, దాన్ని దులిపే పని ఇంట్లో ఎవరిదో తేల్చుకోండి.

మా దగ్గర జీడిపిక్కల తొక్కలు చవక. భలే మండుతాయి. పొయ్యిలో వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, పలాస

వద్దు. వాటిని అంతలా మండించేది తొక్కలోని నూనె. పచ్చి పిక్క కొట్టేటప్పుడు చేతులు పొక్కించేది అదే. ఆ పొగ కళ్లు, గొంతు, ఊపిరితిత్తులను మంట పెడుతుంది. గొట్టం ఉంటే దాని లోపల తారులా పేరుకుంటుంది. పెద్ద కొలిమి, ఎత్తయిన చిమ్నీ ఉన్న చోట దాని సంగతి వేరు. వంటింటికి అది పనికిరాదు.

ఇదే వరుసలో మరికొన్ని. గన్నేరు కొమ్మ విషం, పొయ్యిలోకి రానివ్వకండి. మడ అడవుల పక్కన ఉండేవారికి తిల్ల చెట్టు తెలుసు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, పొగ కూడా కళ్లకు హాని చేస్తుంది. మిరప కట్టె ఘాటు చెప్పక్కర్లేదు. పత్తి కట్టె మీద పురుగుమందుల అవశేషాలుంటాయి, వంటకు కాక బయట నీళ్లు కాచుకోవడానికి పెట్టుకోండి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు, పొయ్యి రాజేయడానికి వేసే ప్లాస్టిక్ సంచులు అసలే వద్దు. నమ్మకమైనవి సరుగుడు, తుమ్మ, సర్కారు తుమ్మ. గట్టి కట్టె, నిప్పు నిలుస్తుంది. కొబ్బరి మట్టలు, కంది కట్టె రాజేయడానికి బాగుంటాయి కానీ చప్పున కాలిపోతాయి, మనిషి పొయ్యి దగ్గరే కూర్చోవాలి.

వానాకాలంలో కాస్త కిరోసిన్ పోసి రాజేస్తే తప్పా?
– ఒక విద్యార్థి, అమలాపురం

తప్పే. ముఖ్యంగా ఆరిందనుకున్న పొయ్యిలో పోయడం. లోపల ఒక్క నిప్పు కణిక ఉన్నా నూనె ఆవిరి భగ్గుమని సీసా దాకా వస్తుంది. పెట్రోలు అయితే సరేసరి. ఎండు చితుకులు, కొబ్బరి పీచు ఒక డబ్బాలో దాచి పెట్టుకోండి, ఎంత వానకైనా అవి చాలు.

పొయ్యి దగ్గర నూలు బట్టే కట్టుకోవాలి. కొంగు దోపుకోవాలి. ఒంటి బట్ట అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద పడి దొర్లాలి. కాలిన చోట 20 నిమిషాలు మామూలు నీళ్లు ధారగా పోయండి. పేస్టు, సిరా, పసుపు పూయకండి.

నెలకు రెండు బళ్ల కట్టె పోతోంది. తగ్గేదెలా?
– ఒక అమ్మమ్మ, కామారెడ్డి

మామూలు మూడు రాళ్ల పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో గిన్నెకు చేరేది దాదాపు పదో వంతు. తక్కినదంతా పక్కలకు, పైకి, పొగలోకి. మెరుగైన పొయ్యికి భారత ప్రమాణాల సంస్థ కనీసం 25 శాతం ఉండాలంది, చిన్న ఫ్యాను ఉన్నదానికి 35 శాతం. కొనేటప్పుడు ఐఎస్ 13152 గుర్తు ఉందో లేదో చూడండి.

కొనకుండానే మిగిలేది చాలా ఉందమ్మా. మంట గిన్నె పక్కల నుంచి పైకి ఎగబాకుతుంటే ఆ వేడి మీది కాదు. పొయ్యి గడ్డలు మరీ ఎత్తుంటే తగ్గించండి. గొట్టం లేని పొయ్యిలో గిన్నెకు, పొయ్యి అంచుకు మధ్య వేలెడు సందు చాలు, అసలు లేకుంటే మంట ఊపిరాడక చస్తుంది. వేళ్లంత సన్నటి పుల్లలు రెండు మూడు పెట్టి, కాలిన కొద్దీ ఎగదోయండి. పెద్ద దుంగ ఒకటి తోసి పోవడం కంటే ఇది నయం. నీళ్లు కుతకుతలాడినా, నెమ్మదిగా ఉడికినా వాటి వేడి 100 డిగ్రీలే. ఉడుకు పట్టగానే కట్టె వెనక్కి లాగి, మూత పెట్టి, నిప్పుల మీద ఉంచండి. అన్నం అదే అవుతుంది. కందిపప్పు గంట ముందు నానేయండి, శనగలు రాత్రే నానాలి.

మీ తరం వాళ్లకు కోడిపొయ్యి కొత్త కాదు. అసలు పొయ్యి దాటి పోయే మంటను పక్క కంతలోకి మళ్లించి, అక్కడ చారో నీళ్లో కాచుకునేవారు. కొత్త పొయ్యి వేయించేటప్పుడు ఆ కంత తప్పక పెట్టించండి. మన వంటకు ఇంతకంటే తగిన ఏర్పాటు నాకు కనిపించలేదు. గిన్నె అడుగున పొయ్యెక్కించే ముందు తడి బూడిద పూస్తే మసి సులువుగా పోతుంది.

మిన్నెసోటాలో ఇల్లు కొన్నాం. హాల్లో ఇనప కట్టెల స్టవ్ ఉంది. మంచు కురిసే రాత్రి వెలిగించుకోవచ్చా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు

తనిఖీ చేయించకుండా వెలిగించవద్దు. అక్కడ చిమ్నీని ఏడాదికోసారి నిపుణుడితో చూపించుకోవాలన్నది స్థిరపడ్డ నియమం. ఇల్లు కొన్నప్పుడైతే అది తప్పనిసరి అనుకోండి. రాత్రంతా నిలవాలని గాలి తలుపు బాగా మూసి నెమ్మదిగా కాలిస్తే, చల్లబడిన పొగ చిమ్నీ గోడలకు క్రియొసోట్ అనే జిగురుగా అంటుకుంటుంది. అది రాజుకుంటే చిమ్నీలోనే మంటలు లేస్తాయి. చిన్న మంట అయినా చురుగ్గా మండనివ్వండి. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి, కొలిచే చిన్న మీటరు బజారులో దొరుకుతుంది. సోఫా, కర్టెన్లు మూడడుగుల అవతల ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగదుల దగ్గర పెట్టండి. బూడిదను మూతున్న ఇనప డబ్బాలో ఎత్తి, చెక్క డెక్ మీద కాకుండా నేల మీద పెట్టండి. అందులో నిప్పు రోజుల తరబడి నిలవగలదు. మన పల్లెల్లో గడ్డివాముల పక్కన బూడిద పోసేవారికీ ఇదే మాట.

అత్తగారికి ఏళ్లుగా దగ్గు, ఆయాసం. బీడీ చుట్ట ఎరగరు. మా అమ్మాయి పురిటికి వస్తోంది.
– ఒక తల్లి, కనిగిరి

చుట్ట తాగకపోయినా ముప్పై నలభై ఏళ్లు పొయ్యి పొగ పీల్చినవారికి ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుపోయే జబ్బు రావచ్చు. ఊపిరి పరీక్ష చేయించండి, వయసు మీద వేయకండి. ఇంట్లో వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగ పీల్చే గర్భిణికి బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది. పురిటి గదికి, బాలింతకు పొగ తగలనివ్వకండి. మీ ఇంట్లో గ్యాసు ఉందని రాశారు. ఈ నెలలు వంట మొత్తం దాని మీదే చేయండి. అత్తగారిని పొయ్యి దగ్గరికి పంపకండి. ఎంత బాగా వేసిన కట్టెల పొయ్యి అయినా గ్యాసు అంత శుభ్రం కాదు.

లంబసింగి చలికి రాత్రి గదిలో కుంపటి పెట్టుకుంటాం. బొగ్గులే కదా, పొగ రాదు. ప్రమాదం ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, చింతపల్లి

ప్రాణం పోయేంత ప్రమాదం ఉంది. ఎర్రగా కాలే బొగ్గుకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కంటిని మండించదు. పొగ ఉంటే మనిషి దగ్గుతూ లేచి తలుపు తీస్తాడు, ఇది నిద్రపోతున్నవాణ్ని లేవనివ్వదు. ప్రాణవాయువును మోసే రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కడుపులో తిప్పడం, తల తిరగడం, మగత. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే దీన్నే అనుమానించండి. వెంటనే తలుపులు తెరిచి, అందరినీ ఆరుబయటికి తెచ్చి, 108కి ఫోను చేయండి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

స్నానాల గదిలో రాగి బాయిలర్ రాజేసి తలుపేసుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. బాయిలర్ బయట ఉండాలి, వేడి నీళ్లు లోపలికి తెచ్చుకోవాలి. కుంపటితో సాయంత్రం గది వెచ్చబెట్టుకోవాలంటే తలుపు, ఎదురు కిటికీ తెరిచి ఉంచి మెలకువగా కూర్చోండి. పడుకునే ముందు కుంపటిని వాకిట్లోకి తీసుకెళ్లి నీళ్లు చల్లండి. ‘ఆరిపోయిందిలే’ అని మంచం కింద వదలవద్దు. మాస్టారూ, చలి ముదరక ముందే ఈ జవాబును మీ బడి పిల్లలకు చదివి వినిపించండి. రాత్రి ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట చెప్పగలిగేది వాళ్లే.