కారు కార్పెట్‌కి మోటారు బ్రష్: చేయవలసినవి, చేయకూడనివి

కారు కార్పెట్ శుభ్రం చేయడానికి మోటారు బ్రష్ కొనేవారిలో చాలామంది కుచ్చు గట్టిదా మెత్తదా అన్నదే చూస్తారు. దానికంటే ముందు చూడాల్సింది ఆ కుచ్చును తిప్పే మోటారు వేగం. అదే నైలాన్ బ్రష్ నిమిషానికి నాలుగు వందల చుట్లు తిరిగితే మురికి వదులుతుంది. వేలల్లో తిరిగితే రాపిడి వేడికి కార్పెట్ పీచు కరిగి అతుక్కుపోతుంది, పట్టు తప్పిన యంత్రం మణికట్టును మెలిపెడుతుంది.

కొనేటప్పుడు

యాంగిల్ గ్రైండర్‌కి కార్పెట్ బ్రష్ బిగించకండి. ఇంట్లో ఎలాగూ ఉంది, అడాప్టర్ కూడా దొరుకుతోంది కదా అనుకోవద్దు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. డ్రిల్లు కోసం చేసిన ప్లాస్టిక్ బ్రష్ ఆ వేగాన్ని తట్టుకోలేదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇనుప తీగల కప్పు బ్రష్ తుప్పు గీకడానికి ఉద్దేశించింది. దాని తీగలు ఊడి ఎగురుతాయి, ఇనుముకు తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. దాన్ని కారు లోపలికి తీసుకెళ్లనే వద్దు.

ఇంటివాడకానికి బ్యాటరీ డ్రిల్లు మేలు. అందులోనూ రెండు గేర్లున్నది చూసుకోండి. 1వ గేరులో చాలా డ్రిల్లులు నిమిషానికి 400-500 చుట్లు దాటవు, కార్పెట్‌కి అంతే కావాలి. ఇంకో సంగతి షాపువాళ్లు తరచుగా చెప్పరు. బిట్టును బిగించే చక్ వెనక అంకెలున్న ఉంగరం ఒకటి ఉంటుంది. అది క్లచ్. చిన్న అంకె మీద పెడితే బ్రష్ దేనికైనా చిక్కుకున్న క్షణంలోనే టకటకమని జారిపోయి చేతిని కాపాడుతుంది. అదే ఉంగరాన్ని డ్రిల్లు బిట్టు బొమ్మ మీదకు తిప్పితే క్లచ్ పనిచేయదు, మోటారు బలమంతా మణికట్టు మీద పడుతుంది. 1వ గేరులో వేగం తక్కువే కానీ మెలిపెట్టే బలం ఎక్కువ, కాబట్టి ఈ ఉంగరాన్ని చూడకుండా ట్రిగ్గర్ నొక్కకండి. ఇంపాక్ట్ డ్రైవర్ మాత్రం వద్దు. అందులో ఈ క్లచ్ ఉండదు.

స్క్రబ్బర్ పేరుతోనే అమ్మే పరికరాలూ ఉన్నాయి. వాటిమీద ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు చేరదని అర్థం. ఛార్జింగ్ రంధ్రం మూత సరిగ్గా మూసినప్పుడే ఆ హామీ వర్తిస్తుంది.

కుచ్చు రంగును నమ్మి కొనకండి. తెలుపు మెత్తన, పసుపు మధ్యరకం, ఎరుపు, నలుపు గట్టివి అని కొన్ని కంపెనీలు పాటిస్తాయి కానీ అన్నిటికీ ఒకే నియమం లేదు. ముంజేయి లోపలివైపు ఒకసారి రుద్ది చూడండి. చర్మం మీద చార పడితే అది కార్పెట్‌కి పనికిరాదు. మన దగ్గర చిన్న కార్లలో చాలావాటికి ఉన్నది అల్లిన కార్పెట్ కాదు, పాలిస్టర్ పీచును సూదులతో గుచ్చి నొక్కిన పల్చటి దుప్పటి లాంటిది. గట్టి కుచ్చు తగిలితే దానిమీద నూగు లేస్తుంది, మళ్లీ అణగదు. ముందు సీటు కింద కనబడని చోట రెండంగుళాల మేర పరీక్షించుకోండి.

మొదలుపెట్టే ముందు

ఇంజన్ ఆపి, తాళం కారుకు దూరంగా పెట్టండి. నాలుగు తలుపులూ తెరవండి. ఏసీ గాలికి కార్పెట్ ఆరుతుందని మూసిన గ్యారేజీలో ఇంజన్ వేసి ఉంచకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

తర్వాత వాక్యూమ్ చేయండి. ఈ పని తప్పించుకోడానికే కొందరు మోటారు బ్రష్ కొంటారు, అది పొరపాటు. ఇసుక ఉండగా బ్రష్ తిప్పితే అది పీచును కోస్తుంది, పైకి లేచి కళ్లలో పడుతుంది. చిల్లర నాణేలు, పిన్నులు, పిల్లల రబ్బరు బ్యాండ్లు, పొడవాటి వెంట్రుకలు చేత్తో ఏరేయండి.

ఇక సీటును పూర్తిగా వెనక్కి జరిపి టార్చి వేసి కిందికి చూడండి. అక్కడ వైర్ల కట్ట, దానికి పసుపు రంగు కనెక్టర్లు కనబడవచ్చు. పసుపు రంగంటే సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌కి, సీటు బెల్టును బిగించే యంత్రానికి సంబంధించినవి. చాలా కార్లలో గేరు కడ్డీ దగ్గర, మధ్య దిమ్మె కిందే ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ ఉంటుంది. ఈ రెండుచోట్లా నీళ్లు, నురగ చల్లకండి, బ్రష్ పెట్టకండి, కనెక్టర్లు ఊడదీయకండి. తడి గుడ్డతో చేత్తో తుడవడమే మార్గం. శుభ్రం చేశాక డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరకుండా వెలుగుతుంటే సర్వీస్ సెంటరులో చూపించాకే రోడ్డెక్కండి. ఆ దీపం వెలుగుతున్న కారులో ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు హైవోల్టేజివి. వాటి జోలికి అసలు వెళ్లవద్దు.

పెట్రోలు మాట

గ్రీజు, తారు మరకలకు పెట్రోలో థిన్నరో గుడ్డకి అద్ది తుడవడం మనవాళ్లకు అలవాటు. మోటారు బ్రష్ ఉన్నచోట ఈ అలవాటును పూర్తిగా మానాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, పైకి పోదు. పెడళ్ల దగ్గరి గుంటలో, సరిగ్గా మనం బ్రష్ తిప్పే చోటే పేరుకుంటుంది. కార్బన్ బ్రష్‌ల మోటారు తిరుగుతున్నప్పుడు లోపల చిన్న చిన్న రవ్వలు వస్తూనే ఉంటాయి. కరెంటు డ్రిల్లు గాలి రంధ్రాల్లోంచి చూస్తే నీలంగా కనబడేవి అవే. ఆవిరికి నిప్పంటుకోడానికి ఆ రవ్వ చాలు. తలుపులు తెరిచే ఉన్నాయి, కొంచెమే వాడాం అన్న మాటలు అక్కరకు రావు. కార్పెట్ షాంపూ, గోరువెచ్చని నీళ్లు, ఓపిక, ఇవి చాలు. బ్లీచింగ్ ద్రావణంలో యాసిడ్ టాయిలెట్ క్లీనర్ కలపడం కూడా అంతే ప్రమాదం. క్లోరిన్ వాయువు పుడుతుంది.

బ్రష్ తిరుగుతున్నప్పుడు

చున్నీ తీసి పక్కన పెట్టండి, కొంగు బిగించి దోపుకోండి, జడ ముడేసుకోండి. గాజులు, ఉంగరాలు, చేతికి కట్టుకున్న దారాలు, మెడలో వేలాడే గొలుసులు తీసేయండి. వదులు నూలు గ్లవుజులు తిరిగే బ్రష్‌కి చిక్కుతాయి. చేతికి అతుక్కునే నైట్రైల్ గ్లవుజులు వాడండి. కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే మన తల దాదాపు బ్రష్ ఎత్తులోనే ఉంటుంది.

బ్రష్‌ను కార్పెట్‌కి ఆనించాకే ట్రిగ్గర్ నొక్కండి, పూర్తిగా ఆగాకే పైకెత్తండి. నొక్కిపెట్టి తోమకండి, దాని బరువే చాలు. ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉండండి. దారం చుట్టుకుంటే బ్యాటరీ ఊడదీశాకే వేలు పెట్టండి.

ఉన్నది కరెంటు డ్రిల్లే అయితే తడి కార్పెట్ మీద వాడకండి. జంక్షన్ బాక్సు కారులో పెట్టి, మోకాళ్లు తడిగా ఉండగా 230 వోల్టుల పరికరం పట్టుకోవడం ప్రాణాలతో చెలగాటం. ఇంట్లో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉన్నా ఆ సాహసం వద్దు. ట్రిగ్గర్ పక్కన ఉండే లాక్ బటన్ నొక్కితే చెయ్యి జారినా డ్రిల్లు ఆగదు, దాన్ని అసలు ముట్టుకోకండి.

సీటు బెల్టు మీద, యాక్సిలరేటర్, బ్రేకు పెడళ్ల మీద మోటారు బ్రష్ వద్దు. బెల్టు పోగులు తెగితే బలం తగ్గుతుంది.

అయ్యాక

పెడళ్ల మీది నురగ పొడిగుడ్డతో తుడిచేయండి. మ్యాట్ వేసేటప్పుడు కొక్కేలకు తగిలించి, చేత్తో లాగి చూడండి. జరిగిన మ్యాట్ యాక్సిలరేటర్‌ను పట్టేసే ప్రమాదం ఉందనే 2009లో అమెరికాలో టయోటా సుమారు 38 లక్షల కార్లకు రీకాల్ ప్రకటించింది. మ్యాట్ మీద మ్యాట్ వేయకండి.

కార్పెట్ పైన ఆరినా కింది స్పాంజిలో నీళ్లు నిలుస్తాయి, బూజు పడుతుంది, కింది రేకు తుప్పు పడుతుంది. అందుకే తక్కువ నీళ్లతో పనిచేయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో మునిగినట్టు మురుగు నీట మునిగిన కార్లకైతే బ్రష్ పనికిరాదు. తాళం కూడా తిప్పకుండా మెకానిక్‌ను పిలిచి, సీట్లు, కార్పెట్ బయటికి తీయించాలి.

దుమ్ము మాత్రమే ఉన్న కార్పెట్‌కి మోటారే అక్కర్లేదు. వాక్యూమ్, చేతి బ్రష్ సరిపోతాయి. మట్టి పట్టేసినదైతే క్లచ్ ఉన్న బ్యాటరీ డ్రిల్లు, నాలుగంగుళాల మెత్తని నైలాన్ బ్రష్ చాలు. కార్ వాష్ నడిపేవారికి ఒక విన్నపం. మీ దగ్గర రోజంతా ఈ పనే చేసే కుర్రాళ్లకు కళ్లద్దాలు, గ్లవుజులు కొనివ్వండి, చేతుల్లోంచి గ్రైండర్ తీసేయండి.