సెన్సారు వలలో ద్రోహిని గుర్తించుట



నేలలోని చెమ్మను కొలిచి, ఆ వార్తను తీగ లేకయే పంపు చిన్న యంత్రములను సెన్సారు నోడు లందురు. దూరమునకు పలికినకొలది బ్యాటరీ త్వరగా తీఱిపోవును. కావున ప్రతి నోడును తన వార్తను ప్రక్కదాని కందించును. అది మఱియొకదాని కందించును. కాలువ నీరు చేను వెంబడి చేనికి పాఱునట్లు వార్తయు కేంద్రము చేరును. పైవాడు మడవ కట్టివేసిన క్రిందివాని కేమి దక్కును? ఇచ్చటను అంతియే.

నోడులు కాపులేని పొలములలో నుండును. ఎవడైన నొకదానిని పెఱికి, అందలి రహస్య సంకేతమును గ్రహించి, తనవైపు త్రిప్పుకొనవచ్చును. అట్టి ద్రోహి నోడు చేతికి వచ్చిన వార్తల నన్నిటిని మ్రింగవచ్చును. కొన్నిటిని పంపి కొన్నిటిని దాచవచ్చును. లేని చెమ్మను ఉన్నదని చెప్పవచ్చును. ఆ మాట నమ్మి మోటా రాపినయెడల పైరు ఎండును. కార్లాఫ్, వాగ్నర్ అను పండితులు 2003లో ఇట్టి దాడులను వివరించి, లోపలి ద్రోహికి రహస్యలిపి యొక్కటియే మందు కాదని చూపిరి.

గుర్తించు విధము: 2000 సంవత్సరమున మార్టి ప్రభృతులు సంచార రేడియో వలలకై ‘వాచ్‌డాగ్’, అనగా కావలికుక్క, యను పద్ధతిని ప్రకటించిరి. గాలిలో పలికిన మాట ఇరుగుపొరుగులకు వినబడును గదా! వార్త నిచ్చిన నోడు, ప్రక్కది దానిని ముందునకు పంపినదో లేదో చెవియొగ్గి వినును. పంపనిచో తప్పు లెక్క వేయును. తప్పులు హద్దు మీఱిననే దోషి యని తెలుపును. ఏలయన, రేడియో మాటలు ఒండొంటితో ఢీకొనుటచే మంచి నోడు సయితము ఒక్కొక్కప్పుడు తప్పినట్లు తోచును. మన సంఘమునందును ఒక్క వాయిదా చూచి సభ్యుని పరపతిని నిర్ణయింపము గదా!

వేఱుచేయు విధము: కేంద్రము పలు నోడుల సాక్ష్యము గైకొని, ద్రోహిని వార్తల దారినుండి తొలగించి, దానికి దక్క తక్కినవాని కెల్ల క్రొత్త సంకేతము లీయవలెను. ఒక్కదాని మాటపై వెలివేయరాదు. ద్రోహియే మంచిదానిపై నింద మోపవచ్చును.

ముఖ్యమైన హెచ్చరిక: తొమ్మిది నోడులు చెమ్మ యున్నదనగా పదవది లేదనినంతమాత్రమున అది ద్రోహి కానేరదు. అచ్చట బిందుసేద్యపు గొట్టము పూడియుండవచ్చును. అప్పుడు నిజము పలికినది ఆ యొక్కటియే. కావున వెలివేయుటకు ముందు చేనికి పోయి, నోడు పాతిన లోతువఱకు త్రవ్వి, మన్ను పిడికిట బట్టి చూడవలెను. ముద్ద కట్టినచో నోడు చెడినదో, ద్రోహము చేసినదో విచారింపుడు. పొడియై రాలినచో గొట్టమును బాగుచేయింపుడు. ఆ నోడు మీ పైరును కాపాడినది.